దించిన తెరచాప

పోయిన వారం మా ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో ఏసీ గొట్టం కారి, గోడకు తగిలించిన ఒక పటం వెనక్కి నీళ్లు దిగాయి. శుభ్రం చేసే ఆడవాళ్ల మీద నేను సూపర్‌వైజర్ని కాబట్టి పటం దించే పని నామీద పడింది. వెనక అట్ట విప్పగానే తడిసిన కాగితం వాసన గుప్పుమంది. కొంచెం పుల్లగా, కొంచెం మట్టిగా, మూసి ఉంచిన పెట్టెను చాలాకాలానికి తెరిచినట్టు ఉండే వాసన. అచ్చువేసిన ఏవో పూల బొమ్మ అది, పాడైనా పెద్దగా పోయేదేమీ లేదు. అయినా నేను అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. రియాద్‌కు రాకముందు సౌదీలోనే హుఫూఫ్ అనే ఊళ్లో ఒక ఇంట్లో నాలుగేళ్లు పనిచేశాను. ఆ ఇంటి చదువుకునే గదికి ఇదే వాసన. ఆ గదిలో ఒక ముసలావిడ రోజూ సాయంత్రం నన్ను ఒక బొమ్మ ముందు కూర్చోబెట్టేది. ఆవిడ పేరు హెస్సా. ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్లు బొమ్మలు గీయడం, బొమ్మల చరిత్ర నేర్పింది. ఊరంతా ఆవిడను ఉస్తాజా అనేవారు, అంటే పంతులమ్మ. నేను మామా అనేదాన్ని. ఈ దేశంలో ఇంటిపనికి వచ్చిన ఆడవాళ్లం పెద్దావిడలను అలాగే పిలుస్తాం.

మాది ఉప్పాడ దగ్గర సముద్రం ఒడ్డు. మా ఆయన నూకరాజు వేటకు వెళ్లేవాడు, నేను చేపలు ఎండబెట్టి అమ్మేదాన్ని. సముద్రం ఏటా కొంచెం కొంచెం ఊరిని తినేస్తూ వచ్చి, మా ముందు వీధిని, ఆ తర్వాత మా వీధిని కూడా తీసుకుపోయింది. ఇల్లు పోయింది కాబట్టి సౌదీ వచ్చానని అందరికీ చెప్పేదాన్ని. అందులో అబద్ధం లేదు గానీ అదొక్కటే కారణం కాదు. ఇల్లు పోవడానికి మూడేళ్ల ముందు మా తమ్ముడు దుర్గారావు, నూకరాజు కలిసి వేటకెళ్లారు. గాలివాన లేచింది. మర్నాడు నూకరాజు ఒక్కడే తిరిగొచ్చాడు. కెరటం తీసుకుపోయింది అన్నాడు, అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. నావలో ముందు బల్లకు కట్టిన తాడు మూరెడు మిగిలి ఉంది. దాని చివర నేను నా కళ్లతో చూశాను. పీచులు రేగలేదు, కత్తితో కోసినట్టు నున్నగా ఉంది. ఆ తాడు చివర దుర్గారావు వేలాడుతుంటే బావే కోసేశాడని ఊళ్లో గుసగుసలు బయల్దేరాయి. నేను ఆయన్ని అడగలేదు. అన్నం పెట్టాను, బట్టలు ఉతికాను, ఒకే చాప మీద పడుకున్నాను. అడగలేదు. ఇల్లు పోగానే, దేశం దాటడానికి నాకొక సాకు దొరికింది.

హుఫూఫ్ చేరిన మొదటి నెలలో మామాను చూస్తే నాకు భయం వేసేది. ఆవిడ దేన్నీ నమ్మేది కాదు. ఖర్జూరాల పెట్టె కొంటే పైవరస వదిలేసి అడుగువరసలో ఒకటి తీసి చీల్చి చూసేది. పాలు వాసన చూడకుండా తాగేది కాదు. డాక్టరు ఒక మందు రాస్తే ఎందుకు రాశావని ఫోన్ చేసి అరగంట అడిగేది. నా పేరు పార్వతి అని చెబితే, అరబ్బీలో ప అక్షరం లేదు కాబట్టి బార్వతి అని పలికి, నిజంగా ఇదేనా నీ పేరు అని మూడుసార్లు అడిగి, ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే ఇకామా కార్డు తెప్పించి చూసుకుంది. అయితే ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. తాను తిన్నదే నాకూ పెట్టేది. మధ్యాహ్నం పడుకోమనేది. శుక్రవారం ఇంటికి ఎంతసేపైనా ఫోన్ చేసుకోనిచ్చేది. ఈ మంచితనమే నాకు ఇంకా అనుమానంగా ఉండేది.

పక్కింట్లో రాయచోటి నుంచి వచ్చిన ఖాజాబీ అక్క పనిచేసేది. పద్దెనిమిదేళ్లుగా ఈ దేశంలో ఉన్న మనిషి. చెత్త పడేయడానికి బయటికి వచ్చినప్పుడు గేటు దగ్గర రెండు నిమిషాలు మాట్లాడుకునేవాళ్లం. మామా సంగతి చెబితే ఆమె తల అడ్డంగా ఊపి, “ఊరికే మంచిగా ఉండారంటే దాని ఎనకాల ఏందో ఒకటి ఉంటాది పాపా. నమ్మొద్దు. ఆ ఇంట్లో ఏ వస్తువు ముట్టినా ముందు అడిగి ముట్టు” అంది. నేను ఆ మాట గట్టిగా పట్టుకున్నాను.

చదువుకునే గదిలో గోడ మీద తెల్లటి గుడ్డ కప్పిన పటం ఒకటి ఉండేది. దాని మీద దుమ్ము దులపొద్దని మొదటిరోజే చెప్పింది. గుడ్డ కింద ఏముందో నాకు తెలియదు. ఎవరినీ చూడనివ్వని పటం అంటే అందులో ఏదో ఉండి ఉంటుందని ఆ గదిలోకి వెళ్లినప్పుడు అటు చూసేదాన్ని కాదు. రెండో నెలలో ఒకరోజు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక మామా నన్ను పిలిచి, కుర్చీ చూపించి, గుడ్డ తీసింది. వెలుతురు తగిలితే సిరా వెలిసిపోతుందట, అందుకే కప్పి ఉంచుతుందట, రోజుకు పది నిమిషాలే తీస్తుందట. తర్వాత, ఏం కనిపిస్తోందో చెప్పమంది.

గోధుమరంగు సిరాతో గీసిన బొమ్మ. కొండంత కెరటం, దాని కింద తెరచాప లేని చిన్న నావ, నావలో ఆరుగురు మనుషులు, ఒక పక్కన నల్లటి రాళ్లు. చూడగానే మా ఒడ్డు కళ్ల ముందుకొచ్చింది. కానీ ఖాజాబీ మాట గుర్తొచ్చింది. ఏం చెబితే ఏం అంటగడతారో అనుకుని, ఏమీ కనిపించడం లేదు మామా అన్నాను. ఆవిడ గుడ్డ కప్పేసింది. మర్నాడు మళ్లీ అదే కుర్చీ, అదే ప్రశ్న, నాది అదే జవాబు. ఐదో రోజున ఆవిడ గుడ్డ తీయకుండానే నా వైపు తిరిగి, “నువ్వు అబద్ధం చెబుతున్నావని నాకు తెలుసు, నేను నిన్ను పరీక్షిస్తున్నానని నువ్వు అనుకుంటున్నావనీ తెలుసు. నా కళ్లు మసకబారుతున్నాయి బార్వతీ. నాకు చూసిపెట్టే కళ్లు కావాలి. అంతే” అంది.

ఆ మాట కూడా నేను పూర్తిగా నమ్మలేదు. అయినా ఆ రోజు నుంచి చెప్పడం మొదలుపెట్టాను. నాకు అరబ్బీ అంతంతమాత్రం. తెలిసిన మాటలతో, తెలియనివి చేతులతో. ఆవిడ కూడా చెప్పేది. చదువుకునే రోజుల్లో కైరోలో ఒక పాత సామాన్ల అంగడిలో ఈ బొమ్మను కొన్నదట. గీసినవాడి పేరు తెలియదు. రెండు వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఒక కాలం వచ్చిందట, బొమ్మలు గీసేవాళ్లంతా కొండల మీదికి, తుఫానుల్లోకి, మంచులోకి పోయి, మనిషి ఎంత చిన్నవాడో ప్రకృతి ఎంత పెద్దదో గీసేవారట. భయాన్ని అందంగా గీయడం వాళ్లకు గొప్ప. ముప్పై ఏళ్ల పాటు ఆవిడ తన పిల్లలకు ఈ బొమ్మ చూపించి చెప్పింది కూడా అదే. మనుషులు పోరాడారు, తుఫాను తెరచాపను చింపి పారేసింది, ఇంక కాసేపట్లో అందరూ పోతారు.

నురుగు గురించి ఆవిడ చెప్పింది నేనెప్పుడూ మరిచిపోలేదు. దగ్గరికి రమ్మని వేలితో చూపించింది. కెరటం మీద తెల్లటి నురుగంతా గీసింది కాదు, సిరా వేయకుండా వదిలేసిన కాగితం. “ఇక్కడ అతను ఏమీ గీయలేదు. నురుగును నువ్వే గీసుకుంటున్నావు. అతను వదిలిన ఖాళీలో మన కన్ను మనకు తెలియకుండా పని చేస్తుంది. దాన్ని ఎప్పుడూ అనుమానించు” అంది.

మూడు నెలలు అలా చూశాక ఒక సాయంత్రం నాకు ఆ గీత కనబడింది. నావ ముక్కు నుంచి నీళ్లలోకి సన్నగా, తిన్నగా ఒక గీత. ఆవిడ దాన్ని విరిగిన తెరచాప కొయ్య తాలూకు తెగిన తాడు అనుకునేదట. కానీ తెగిన తాడు వేలాడుతుంది, గాలికి కొట్టుకుంటుంది. ఇది బిగిసి ఉంది. బిగిసిన తాడుకు రెండో చివర ఏదో బరువు ఉండి తీరాలి. మా వాళ్లు గాలివానలో చేసేది అదే. వలనో తెరచాపనో తాడుకు కట్టి ముక్కు వైపు నుంచి నీళ్లలోకి వదులుతారు. అది నీళ్లలో బరువుగా లాగుతూ ఉంటే నావ కెరటానికి ఎదురుగా నిలబడుతుంది. పక్కకు తిరిగిందంటే బోల్తా పడుతుంది. వెనక తెడ్డు పట్టుకున్నవాడు కూడా నావను సరిగ్గా కెరటానికి ఎదురుగానే పెట్టాడు.

“తుఫాను చింపలేదు మామా. వీళ్లే తెరచాప దించి నీళ్లలో వేశారు. వీళ్లు చచ్చిపోతున్నవాళ్లు కాదు. పని చేస్తున్నవాళ్లు.”

ఆవిడ బొమ్మ దగ్గరికి వంగింది. నీకెవరు చెప్పారు అని అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. భూతద్దం తెమ్మంది. గుడ్డ తీసి పది నిమిషాలకు మించి ఉంచడం ఆ రోజే చూశాను. తర్వాత మూడు రోజులు నన్ను గదిలోకి పిలవలేదు. భోజనం దగ్గర కూడా ముభావంగా ఉంది. పెద్దవాళ్ల చదువులో వేలుపెట్టాను, ఇంక నన్ను వెనక్కి పంపేస్తుందని బ్యాగు కూడా సర్దుకున్నాను. నాలుగో రోజు హాల్లోంచి ఫోన్ మాటలు వినిపించాయి. పాత శిష్యురాళ్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తోంది. వాళ్లిప్పుడు టీచర్లు, అమ్మమ్మలు. ఒకామె జిజాన్‌లో ప్రిన్సిపాల్. మీకు నేను ఆ తెరచాప చిరిగిందని చెప్పాను, చిరగలేదు, దించారు, నాకు ఇన్నాళ్లూ కనబడలేదు అని అందరికీ అదే చెబుతోంది. ఎవరో నవ్వినట్టున్నారు. “నవ్వకు. నువ్వు కూడా మీ పిల్లలకు తప్పే చెప్పి ఉంటావు” అంది.

ఆ సాయంత్రం నన్ను పిలిచినప్పుడు మెచ్చుకుంటుందని అనుకున్నాను. ఆవిడ మెచ్చుకోలేదు. నీ మాట నిజం కావచ్చు, అయినా నిన్నూ నేను అనుమానిస్తున్నాను అంది. నీది సముద్రం ఊరు కాబట్టి నీ మనుషులను ఇందులో వెతుక్కుని ఉంటావు, గీసినవాడు నావలో లేడు, ఒడ్డున నిలబడి గీశాడు, ఒడ్డున ఉన్నవాడికి తాడు బిగిసిందో లేదో ఎంతవరకు తెలుస్తుంది అని అడిగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి నా ముఖంలోకి చూసింది. నా కళ్లు తడి అయ్యాయని అప్పటికి నాకే తెలియదు. ఎవరున్నారు ఆ నావలో అని అడిగింది.

దుర్గారావు సంగతి ఈ దేశంలో ఖాజాబీకి కూడా నేను చెప్పలేదు. ఆ రోజు మామాకు చెప్పాను. తాడు చివర నున్నగా ఉన్న సంగతి, ఊళ్లో మాటలు, ఒకే చాప మీద మూడేళ్ల మౌనం, అన్నీ. ఆవిడ అయ్యో అనలేదు. పాఠం అడిగినట్టే అడిగింది.

“నువ్వు చూసింది ఏమిటి?”

“కోసిన తాడు.”

“నువ్వు కలిపింది?”

తమ్ముణ్ణి అన్నాను. తాడు చివర తమ్ముణ్ణి నేనే పెట్టాను.

“మీ ఆయన్ని అడిగావా?”

“లేదు.”

“మరి ఆ రోజు నువ్వెక్కడున్నావు?”

“ఒడ్డున” అన్నాను.

ఆవిడ లేచి బొమ్మ మీద గుడ్డ కప్పింది. ఆ తర్వాత ఆ విషయం ఎత్తలేదు. కానీ ఆ వారం నన్ను తన తండ్రి ఖర్జూర తోటకు తీసుకుపోయింది. తోట తూర్పు చివర ఇసుకదిబ్బలు వరసగా లోపలికి వస్తున్నాయి. ఇసుకను ఆపడానికి నాటిన చెట్ల వరస సగందాకా మునిగి ఉంది. చిన్నప్పుడు తాను ఎక్కిన చెట్లు ఆ దిబ్బ కింద ఉన్నాయని చేత్తో చూపించింది. మీ సముద్రానికి గొంతు ఉంది, మా ఇసుకకు గొంతు లేదు, తేడా అంతే అంది. ఇద్దరం దిబ్బ నీడలో కూర్చుని ఫ్లాస్కులో తెచ్చుకున్న అరబ్బీ కాఫీ, ఖహ్వా, తాగాం. ఆవిడ పోగొట్టుకున్నదాని గురించి ఒక్కసారే మాట్లాడింది, అది ఆ రోజే.

మామా కొడుకు ఫహద్ రియాద్‌లో ఇంజినీరు. వారాంతంలో వచ్చేవాడు. తల్లి పనిమనిషిని కూర్చోబెట్టుకుని బొమ్మ చూపిస్తోందని తెలిసి అతనికి అనుమానం పట్టుకుంది. విలువైన బొమ్మ, ముసలి తల్లి, ఊరు కాని ఊరి మనిషి. అతని స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్నేమో. ఆ గదిలో కెమెరా పెట్టించాడు. వచ్చినప్పుడల్లా బొమ్మను ఫోన్‌లో ఫోటో తీసుకుని పాత ఫోటోతో పోల్చుకునేవాడు. మామా చూస్తూ ఊరుకునేది. ఒకసారి మాత్రం, బొమ్మ మారిందో లేదో చూస్తున్నావు, బొమ్మను ఎప్పుడైనా చూశావా అని అడిగింది. అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నూకరాజును అడగడానికి నాకు ఇంకో రెండు నెలలు పట్టింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, మామా నమాజులో ఉండగా, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఫోన్ చేశాను. ఇంటి సంగతులు అయ్యాక, ఆ తాడు నువ్వే కోసేవా అని అడిగాను. అవతల గాలి శబ్దం తప్ప ఏమీ లేదు. ఫోన్ పెట్టేశాడనుకున్నాను.

“కోసేను” అన్నాడు. “ఒల దింపుతుంటే రెండో కెరటానికే వాడు ఎగిరి పడిపోయేడు. పొద్దు వాలేదాకా పిలిచేను. ఆ తర్వాత ఒల కింద దేనికో పట్టేసి ముక్కు ములిగిపోతంది. కోసేను.”

“తాడుకి వాడున్నాడేమో చూసేవా?”

“చూసేను. కనబడలేదు.” మళ్లీ గాలి శబ్దం. “ఉన్నాడో లేడో నాకూ తెలీదు పార్వతీ. ఊళ్లోవాళ్లు అనేది అబద్ధమని చెప్పడానికి నాకు తెలిస్తేగదా. నువ్వడుగుతావేమోనని ఇన్నాళ్లూ చూసేను. అడగలేదు గదే నువ్వు.”

నేను మిద్దె మీదే కూర్చుండిపోయాను. ఇన్నేళ్లూ నా ఒక్కదాని గుండెలో ఉందనుకున్న అనుమానం ఆయన గుండెలోనూ అంతే ఉంది. ఆయన దానితో ఒంటరిగా ఉంటే, నేను పక్కనే పడుకుని చూస్తూ ఊరుకున్నాను. కిందికి దిగాక మామాకు చెప్పాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. ఇప్పుడు నీకు తెలియనిది ఏమిటో నీకు తెలిసింది అని మాత్రం అంది. అప్పుడు ఆ మాట కఠినంగా అనిపించింది.

నేను వచ్చిన నాలుగో ఏడు చలికాలంలో మామా మంచం పట్టింది. కళ్లు దాదాపు పోయాయి. అయినా అసర్ అయ్యాక గుడ్డ తీయించేది. నేను చూసి చెబితే ఆవిడ వినేది, నేను ఒక మనిషిని మరిచిపోతే, ఐదుగురే అన్నావు, ఆరోవాడు ఏమయ్యాడు అని పట్టుకునేది. ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయింది.

మూడు వారాలకు ఫహద్ నన్ను ఆ గదిలోకి పిలిచాడు. బొమ్మను ఒక మ్యూజియానికి ఇవ్వడానికి చట్రం విప్పితే వెనక కాగితం ముక్క ఒకటి దొరికిందట. తల్లి చేతిరాత, కళ్లు కనబడక వంకర వంకరగా ఉంది. తెరచాప చిరగలేదు, నావలోని మనుషులే దించారు, ఈ మాట చెప్పినది సముద్రపు ఒడ్డు మనిషి బార్వతి, నేను ఇంకా సందేహిస్తున్నాను, మీరు కూడా చూడండి అని రాసి ఉంది. ఇది నువ్వు రాయించావా అని అడిగాడు. లేదన్నాను. ఆ కాగితం అక్కడ ఉన్నట్టే నాకు తెలియదన్నాను. అతను ఆ కాగితాన్ని మళ్లీ చదివి, మా అమ్మ నిన్ను అనుమానించేదా అన్నాడు.

“మొదటిరోజు నుంచీ.”

“నన్ను కూడా” అని, తల్లి పోయిన తర్వాత మొదటిసారి కొంచెం నవ్వాడు. ఆ కాగితాన్ని తీయకుండా బొమ్మతో పాటే పంపించాడు. నాకు సెలవు ఇప్పించి టికెట్టు కొన్నాడు. తిరిగొచ్చాక నన్ను వేరే యజమాని కిందికి మార్చే స్పాన్సర్ కాగితాల మీద సంతకం పెట్టి, రియాద్‌లో ఈ ఆసుపత్రి పనిలో చేర్పించాడు.

ఆ సెలవులోనే ఒక పొద్దున నూకరాజుతో కలిసి ఒడ్డుకు వెళ్లాను. అప్పటి నావ లేదు, అలాంటిదే ఇంకొకటి ఇసుక మీదికి లాగి ఉంది. ఎక్కడ నిలబడ్డావో చూపించమన్నాను. ఆయన ఎక్కి, ముందు బల్ల దగ్గర ఒక మోకాలు మీద కూర్చుని, ఎడమచేత్తో అంచు పట్టుకుని, కుడిచేయి ఎక్కడుందో చూపించాడు. దిగమని, నేనెక్కి సరిగ్గా అదే చోట అలాగే కూర్చున్నాను. నావ ముక్కు పైకి లేచి ఉంటుంది. బల్లకు కట్టిన తాడు దాని మీదుగా అవతలికి పోతుంది. ఆ చోటు నుంచి తాడు నీళ్లలోకి దిగే చోటు కనబడదు. మెడ ఎంత సాచినా కనబడదు. ముక్కు, దాని పైన ఆకాశం, అంతే. ఆయన కింద ఇసుకలో నిలబడి నా వంకే చూస్తున్నాడు. ఏం చెబుతానోనని ఎదురుచూస్తున్నాడు.

“కనబడదు” అన్నాను.

ఆయన ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు.

దాన్ని నమ్మకం అంటారో లేదో నాకు తెలియదు. దుర్గారావు ఆ తాడు చివర ఉన్నాడా లేడా అనే ప్రశ్న అలాగే ఉంది, ఎప్పటికీ అలాగే ఉంటుంది. దాన్ని మోయడానికి ఇప్పుడు మేమిద్దరం ఉన్నాం. మనిషి సంగతి తేల్చేముందు అతను నిలబడిన చోటికి వెళ్లి, అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో చూసి రావడం నాకు ఉస్తాజా హెస్సా పెట్టిన అలవాటు. ఆవిడ ఉండి ఉంటే ఈ అలవాటును కూడా అనుమానించమనేది. అప్పుడప్పుడు అదీ చేస్తుంటాను.